అరోహరా: కౌలాలంపూర్ తైపూసంలో మోగే శివనామం

అరోహరా అనేది తమిళులు మురుగన్ అని పిలిచే సుబ్రహ్మణ్యస్వామి భక్తులు, ముఖ్యంగా కావడి మోసేవారు, ఎలుగెత్తి పలికే నామఘోష. తమిళంలో దీన్ని 'అరోకరా' అని రాస్తారు. నోట పలికేటప్పుడు అరోగరా అనీ అరోహరా అనీ వినిపిస్తుంది. చిత్తూరు వైపు తెలుగువారు 'హరోం హర' అంటారు. పళని యాత్రకు బయల్దేరే మలయాళీలు 'హరహరో హరహర' అంటారు. శ్రీలంకలోని కదిర్‌గామంలో 'హరోహరా' అని పలుకుతారు. పలుకుబడి ఊరూరా మారినా మూలం ఒక్కటే, శివుడి పేరైన 'హర'. భారతదేశం వెలుపల ఈ నామం పెద్దఎత్తున వినిపించే చోట్లలో మొదట చెప్పవలసింది కౌలాలంపూర్ నగరానికి ఉత్తరాన 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న బటు గుహలు. ఏటా ఆ స్వామి పండుగైన తైపూసం నాడు అక్కడ లక్షల మంది చేరతారు. కొన్నేళ్లలో ఆ సంఖ్య పది లక్షలు దాటింది.

మలేసియా వెళ్లిన తెలుగు యాత్రికులు చాలామంది బంగారు రంగు మురుగన్ విగ్రహం ముందు ఫొటో దిగి, రంగుల మెట్లెక్కి తిరిగొస్తారు. అక్కడ జనం నోట మోగే మాట తమది కాదనీ, అదేదో తమిళ నినాదమనీ అనుకుంటారు. ఆ అభిప్రాయం సరైనది కాదు. ఈ మాటకు సంస్కృతంలో వేళ్లున్నాయి, తమిళ నేలలో అది పెరిగింది, తెలుగు నేల మీద కూడా తరతరాలుగా వాడుకలో ఉంది.

మాట పుట్టుక

'హర' అంటే హరించేవాడు. పాపాన్ని, దుఃఖాన్ని, చివరికి సృష్టినంతటినీ తనలోకి తీసుకునేవాడు కనుక శివుడికి ఆ పేరు వచ్చింది. దేవుణ్ణి పిలిచేటప్పుడు పేరును రెండుసార్లు పలకడం మన భాషలన్నిటిలోనూ ఉన్న అలవాటు. హర హర, శివ శివ, గోవిందా గోవింద అన్నవి అలా వచ్చినవే. శ్రీశైలం శివరాత్రికి వినిపించే 'హర హర మహాదేవ శంభో శంకర', మరాఠా సైన్యాలు యుద్ధంలో పలికిన 'హర హర మహాదేవ' కూడా ఈ కుటుంబానికి చెందినవే.

మధ్యలో 'ఓ' ఎలా వచ్చిందనే దానికి వ్యాకరణం ఒక సమాధానం చెబుతుంది. 'హరః' అన్న రూపం పక్కన 'హర' చేరితే విసర్గ సంధి వల్ల 'హరో హర' అవుతుంది. పాణిని 'హశి చ' అన్న సూత్రంలో చెప్పింది ఈ మార్పునే. అయితే పల్లకీలు, కావడులు మోసే జనం నోట్లో సంధి సూత్రం పనిచేసిందనడం కంటే తేలికైన కారణం ఒకటి కనబడుతుంది. పదిమంది ఒక్కసారిగా గొంతు కలపాలంటే మాట నడుమ ఊపిరి నిలపడానికి ఒక సాగే అచ్చు కావాలి. 'హర హర' అని పొట్టిగా అంటే ఆ అవకాశం దొరకదు. 'హరో' దగ్గర గొంతు సాగుతుంది, 'హరా' దగ్గర దిగుతుంది. నా మటుకు ఈ రెండో వివరణే నమ్మదగ్గదిగా తోస్తుంది. చిత్తూరు వారి 'హరోం హర'లోని సున్నను ఓంకారంగా భావించేవారు ఉన్నారు. సాగదీసి పలికేటప్పుడు ముక్కుతో వచ్చే నాదమే సున్న అయిందనుకున్నా తప్పు లేదు.

ఇక తమిళంలో ఈ మాట రూపం మారడానికి కారణం ఆ భాష ధ్వనులే. అచ్చ తమిళ పదాల్లో 'హ' లేదు. సంస్కృతం నుంచి వచ్చిన మాట మొదట్లో 'హ' ఉంటే అది జారిపోతుంది. హర 'అరన్' అయ్యాడు, హరి 'అరి' అయ్యాడు. మాట నడుమ ఉన్న 'హ'ను 'క' అక్షరంతో రాస్తారు. రెండు అచ్చుల మధ్య వచ్చే ఆ 'క'ను గ గానో హ గానో పలుకుతారు. అందుకే రాతలో అరోకరా, నోట్లో అరోగరా. 'ఆరోగ్యం' అన్న మాటతో దీన్ని ముడిపెట్టి చెప్పేవారు అక్కడక్కడ కనిపిస్తారు కానీ ఆ ముడికి ఆధారం లేదు.

తమిళనాట ప్రవచనకారులు చెప్పే కథ ఒకటుంది. ఏడో శతాబ్దపు శైవ గురువు తిరుజ్ఞానసంబంధర్ పల్లకిలో వెళ్తుండగా బోయీలు అలుపు తెలియకుండా ఏవో అర్థం లేని పదాలు పాడుతున్నారట. ఆ ఊపిరిని వృథా చేయకుండా శివుడి పేరు పలకండని ఆయన చెబితే, నాటి నుంచి 'అర హరో హర' వాడుకలోకి వచ్చిందట. చరిత్రగా దీన్ని రుజువు చేయలేం. అయినా మాట స్వభావాన్ని ఈ కథ బాగా పట్టుకుంది. ఇది పూజారి గర్భగుడిలో చదివే మంత్రం కాదు, భుజాన బరువున్న మనిషి నోట వచ్చే మాట. పల్లకి మోసినా, రథం తాడు లాగినా, కావడి ఎత్తినా, కొండ ఎక్కినా అడుగుకీ ఊపిరికీ తాళంగా నిలిచేది. దీన్ని పలకడానికి కులం అడ్డు కాదు, దీక్షా ఉపదేశమూ అక్కర్లేదు. మలయా తోటలకు కూలికి వెళ్లిన వారి వెంట ఇంత తేలిగ్గా సముద్రం దాటడానికి అదే కారణమని చెప్పవచ్చు.

పిలుపు, జవాబు

అరోహరా ఒంటరిగా పలికే మాట కాదు. ఒకరు దేవుడి పేరు ఎత్తుకుంటే మిగతావారు జవాబిస్తారు. ముందు పలికేవారు 'వెట్రివేల్ మురుగనుక్కు' అంటారు. జనం 'అరోగరా' అంటారు. 'కందనుక్కు' అంటే మళ్లీ 'అరోగరా'. తమిళంలో 'ఉక్కు' మన 'కి, కు' విభక్తి. అంటే 'విజయశూలం ధరించిన మురుగుడికి' అన్నంత వరకే పిలిచేవారు చెప్పి వదిలేస్తారు, వాక్యం పూర్తిచేసేది గుంపు. మన వైపు 'ఏడుకొండలవాడా వెంకటరమణా' అని ఒకరంటే 'గోవిందా గోవింద' అని అందరూ అందుకోవడం కూడా ఇదే పద్ధతి. ముందు పేర్లు మారుతూ పోవచ్చు, జవాబు మాత్రం మారదు.

పేరు మారవచ్చు కాబట్టే ఈ జవాబు మురుగన్ ఒక్కడికే పరిమితం కాలేదు. తిరువణ్ణామలైలో కార్తిక దీపం వెలిగినప్పుడు జనం అనేది 'అణ్ణామలైయారుక్కు అరోగరా'. అక్కడ దేవుడు సాక్షాత్తూ శివుడే. మాట తండ్రి దగ్గర మొదలై కొడుకు దగ్గర స్థిరపడిందనడానికి ఇది ఇప్పటికీ సజీవంగా ఉన్న నిదర్శనం.

దానితో జంటగా వినిపించేది 'వేల్ వేల్, వెట్రివేల్'. వేల్ అంటే బల్లెం. సంస్కృత పురాణాలు 'శక్తి' అని పిలిచే ఆయుధం ఇదే. వెట్రి అంటే విజయం. సంగ సాహిత్యంలో మురుగన్ పూజారికి 'వేలన్' అని పేరు. అతడు బల్లెం పట్టుకుని పూనకంతో ఆడే ఆట పేరు వెఱియాట్టు. అంటే బల్లేనికీ పూనకానికీ ఉన్న సంబంధం దాదాపు 2 వేల ఏళ్ల నాటిది. 15వ శతాబ్దంలో అరుణగిరినాథర్ తిరుప్పుగళ్ పాటలతో ఊరూరా మురుగన్ క్షేత్రాలను కీర్తించాక ఈ పేర్లన్నీ తమిళ జనం నాలుక మీద నిలిచిపోయాయి. ఆయన పాడిన క్షేత్రాల్లో మన సరిహద్దు పక్కనే ఉన్న తిరుత్తణి కూడా ఉంది.

తెలుగు, తమిళ వాడుకలు రెండింటిలోనూ ఈ నామాలకు ఇంకో పక్క కూడా ఉంది. డబ్బు పోయిందంటే తెలుగులో 'గోవిందా' అంటాం, తమిళంలో పని చెడిపోయిందనడానికి 'అరోగరా' అంటారు. శవయాత్రల్లో దేవుడి పేరు చెప్పే అలవాటు నుంచి ఈ అర్థం వచ్చి ఉండవచ్చు. జనం నిత్యం పలికే మాటకు తప్ప ఇలాంటి రెండో అర్థం పుట్టదు.

కొడుకు పండుగలో తండ్రి పేరెందుకు

తమిళ శైవంలో శివుడికీ స్కందుడికీ భేదం లేదు. శివుడి కంటి నుంచి వెలువడిన ఆరు నిప్పురవ్వలే ఆరుముఖాల స్వామి అయ్యాయని, కాంచీపురానికి చెందిన కచ్చియప్ప శివాచార్యులు రాసిన కందపురాణం వంటి గ్రంథాల కథ. కాబట్టి కొడుకును తండ్రి పేరుతో పిలిస్తే అది తప్పు కాకపోగా, ఆయన అసలు ఎవరో గుర్తుచేయడమే అవుతుంది.

ఈ తండ్రీకొడుకుల ముడి తెలుగు నేల మీద మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పంచారామాల కథ అందరికీ తెలిసిందే. తారకాసురుడి మెడలోని శివలింగాన్ని కుమారస్వామి ఛేదిస్తే అది అయిదు ముక్కలై అయిదు చోట్ల పడింది. సామర్లకోటలో దాన్ని స్వయంగా కుమారస్వామే ప్రతిష్ఠించాడు కనుక ఆ క్షేత్రానికి కుమారారామం అని పేరు. తూర్పు చాళుక్య రాజు మొదటి భీముడు (892–922) కట్టించిన ఆ గుడి ఇప్పటికీ ఉంది. బల్లెం పట్టినవాడే శివలింగాన్ని నిలిపాడన్న ఈ కథ తెలిసినవారికి, మురుగన్ గుడిలో హరుడి పేరు వినిపిస్తే వింతగా అనిపించదు.

ఇంకా వెనక్కి వెళ్తే, క్రీస్తు శకం 3వ శతాబ్దంలో నాగార్జునకొండ ఏలిన ఇక్ష్వాకులు తమ రాజు చాంతమూలుణ్ణి మహాసేనుడి అనుగ్రహం పొందినవాడిగా శాసనాల్లో చెప్పుకున్నారు. మహాసేనుడంటే కుమారస్వామే. ఆ లోయలో జరిపిన తవ్వకాల్లో కార్తికేయుడి గుడి శిథిలాలు బయటపడ్డాయి. తర్వాతి కాలంలో నన్నెచోడుడు 'కుమారసంభవం' కావ్యం రాశాడు. ఆపైన మాత్రం కోస్తాలో సుబ్రహ్మణ్యుడు నాగదేవత రూపంలో, మోపిదేవి వంటి క్షేత్రాల్లో, సంతానం కోసం మొక్కుకునే దేవుడయ్యాడు. పుట్టలో పాలు పోసే ఆ పూజలో కావడి లేదు, హరోంహర ఘోష లేదు. అందుకే కోస్తా తెలుగువారికి అది పరాయి మాటలా వినిపిస్తుంది.

చిత్తూరు వైపు సంగతి వేరు. ఆడికృత్తిక వస్తే ఆ జిల్లా పల్లెల నుంచి పసుపు బట్టలు కట్టి, పూలు చుట్టిన కావళ్లు భుజాన వేసుకుని జనం తిరుత్తణికి నడుస్తారు. దారి పొడవునా వినిపించేది 'హరోం హర'. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల సరిహద్దుల సర్దుబాటులో భాగంగా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు గీత మారినా కావళ్ల దారి మారలేదు. ఆ జిల్లాలో వడివేలు, వేలాయుధం, షణ్ముగం అన్న పేర్లు పెట్టుకున్న తెలుగు కుటుంబాలు కోకొల్లలు. 2024లో కుప్పం నేపథ్యంగా వచ్చిన తెలుగు సినిమాకు 'హరోం హర' అని పేరు పెట్టినప్పుడు ఆ ప్రాంతం వారికి ఎవరూ అర్థం చెప్పవలసిన పని లేకపోయింది.

కౌలాలంపూర్‌కి చేరిన తీరు

సున్నపురాతి కొండల్లోని ఈ గుహలకు బటు అన్న పేరు పక్కన పారే సుంగై బటు నది నుంచి వచ్చింది. మలయ్ భాషలో సుంగై అంటే నది, బటు అంటే రాయి. అక్కడి ఆదివాసులైన తెమువాన్ ప్రజలకు ఆ గుహలు ఎప్పటి నుంచో తెలుసు. 1860ల్లో చైనా వలసదారులు తమ కూరగాయల తోటలకు ఎరువుగా అక్కడి గబ్బిలాల పెంట తవ్వుకుపోయేవారు. 1878లో అమెరికన్ ప్రకృతి శాస్త్రవేత్త విలియం హోర్నడే వాటి గురించి బయటి ప్రపంచానికి తెలియజేశాడు.

గుడికి కారకుడు కె. తంబుస్వామి పిళ్లై. 1850లో సింగపూర్‌లో పుట్టిన తమిళుడు. కౌలాలంపూర్‌లో పేరున్న వ్యాపారిగా, భారతీయుల పెద్దగా ఎదిగాడు. 1873లో నగరంలో మహామారియమ్మన్ గుడి నెలకొల్పింది ఆయనే. గుహ నోరు బల్లెం ఆకారంలో కనిపించడంతో అక్కడ మురుగన్‌ను నిలపాలన్న తలంపు ఆయనకు కలిగిందని చెబుతారు. 1890 ప్రాంతంలో ప్రతిష్ఠ జరిగింది, 1892 నుంచి తైపూసం ఉత్సవం సాగుతోంది. పైకెక్కడానికి 1920లో చెక్కమెట్లు వేశారు. వాటి స్థానంలో 1940 నాటికి సిమెంటు మెట్లు వచ్చాయి. మొత్తం 272 మెట్లు. 2018లో వాటికి వేసిన రంగులే ఇప్పుడు ఫొటోల్లో కనిపించేవి. మెట్ల పక్కన 42.7 మీటర్ల ఎత్తున నిలబడ్డ మురుగన్ విగ్రహాన్ని 2006 జనవరిలో ఆవిష్కరించారు. 2022లో తమిళనాడులోని సేలం దగ్గర అంతకంటే ఎత్తైన విగ్రహం వచ్చేవరకూ లోకంలో అదే అతి పెద్ద మురుగన్ విగ్రహం.

గుడి కట్టించింది వ్యాపారి, పెద్దమనిషి. నామఘోష మోసుకొచ్చింది మాత్రం కూలివారు. పంతొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధం నుంచి చెరకు, కాఫీ, కొబ్బరి, ఆపైన రబ్బరు తోటల కోసం బ్రిటిష్‌వారు దక్షిణాది నుంచి మనుషులను తరలించారు. తొలుత ఒప్పంద కూలీ పద్ధతి నడిచింది. అది 1910లో ఆగింది. ఊళ్లకు వచ్చి మనుషులను పోగుచేసుకుని వెళ్లే కంగాణీల పద్ధతి అంతకుముందే మొదలై 1938 దాకా సాగింది. ఆ ఏడాది భారత ప్రభుత్వం ఆ వలసలను నిషేధించింది. వెళ్లినవారిలో ఎక్కువమంది తమిళులు. విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి తెలుగువారు కూడా వెళ్లారు. తోట తోటకూ ఒక గుడి వెలసింది. ఏడాదిలో కూలివాడికి తనదంటూ దొరికే పండుగ రోజుల్లో తైపూసం ఒకటి. ఆ రోజు అతను మోసేది దొర బరువు కాదు, తన మొక్కు బరువు. ఈ పండుగ మలేసియాలో ఇంత పెద్దదవడానికి అసలు కారణం అక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నది ఒడ్డు నుంచి గుహ దాకా

తై అంటే మన మకర మాసం, పూసం అంటే పుష్యమి నక్షత్రం. జనవరి ఫిబ్రవరుల మధ్య పున్నమి దరిదాపుల్లో ఈ పర్వం వస్తుంది. పార్వతి కొడుకు చేతికి శక్తి ఆయుధాన్ని ఇచ్చిన రోజు ఇదని నమ్మకం. పండుగకు ముందు జలాన్ తున్ హెచ్.ఎస్. లీ వీధిలోని మహామారియమ్మన్ గుడి నుంచి వెండి రథం బయలుదేరుతుంది. దాదాపు 15 కిలోమీటర్ల దారి. రథం ముందు కొబ్బరికాయలు కొడుతూ, హారతులిస్తూ జనం నిలబడతారు కనుక గుహలు చేరడానికి చాలా గంటలు పడుతుంది. హారతి ఇచ్చి కాయ కొట్టేవారిలో చైనా కుటుంబాలూ ఉంటాయి. కావడి ఎత్తే చైనీయులూ ఉన్నారు, వారి నోటా 'వేల్ వేల్' వినిపిస్తుంది.

కావడి కథ ఇడుంబుడిది. అగస్త్యుడి ఆజ్ఞ మీద శివగిరి, శక్తిగిరి అనే రెండు కొండలను కాడికి రెండు వైపులా కట్టి మోసుకొస్తూ పళనిలో దించాడు. మళ్లీ ఎత్తబోతే లేవలేదు. కొండ మీద నిలిచిన బాలమురుగన్‌తో తలపడి చనిపోయి, మళ్లీ బతికి, కావడితో వచ్చేవారిని కాపాడాలన్న వరం కోరుకున్నాడు. మలేసియాలో ఎక్కువమంది ఎత్తేది పాల్‌కుడం, అంటే నెత్తి మీద పాలబిందె. ఆడవారు, పిల్లలు, ముసలివారు అందరూ దాన్నే ఎత్తుతారు. విదేశీ కెమెరాలు వెతుక్కునేది మాత్రం నెమలి ఈకలతో, మెరుపు పటాలతో భుజాల మీద నిలిచే పెద్ద కావళ్లను, ఒంట్లో గుచ్చుకున్న శూలాలను.

ఆ శూలాలు గుచ్చే ఘడియ సుంగై బటు ఒడ్డున చూడవచ్చు. మొక్కుకున్నవారు చాలామంది 48 రోజులు మాంసం, మద్యం మాని, బ్రహ్మచర్యం పాటించి, నేల మీద పడుకుని వచ్చి ఉంటారు. నదిలో తలస్నానం చేస్తారు. గుండు చేయించుకున్నవారు నెత్తికి చందనం రాసుకుంటారు. కుటుంబం చుట్టూ వలయంగా నిలబడుతుంది. గురువు మొక్కుకున్నవారి ముఖానికి దగ్గరగా సాంబ్రాణి పొగ పట్టి, విభూతి రాస్తాడు. ఉరుమి మేళం జోరందుకుంటుంది. అనంతపురం ప్రాంతంలో ఉరుములు వాయించే కళాకారులను చూసినవారికి ఆ వాద్యం మూలుగు కొత్త కాదు. మొదట గొంతులు ఎడంగా ఉంటాయి, 'వేల్ వేల్' అని ఒకరు, 'వెట్రివేల్' అని ఇంకొకరు. క్రమంగా మధ్యలో ఖాళీ తగ్గి, అందరి ఊపిరీ ఒకే తాళానికి వస్తుంది. మొక్కుకున్న మనిషి కాళ్లు వణుకుతాయి, కళ్లు తేలిపోతాయి. తమిళులు దీన్ని 'అరుళ్' అంటారు, మనం పూనకం అంటాం. సరిగ్గా అప్పుడు సన్నని బల్లెం బుగ్గలోంచి దిగుతుంది. నెత్తురు కనిపించదు, కనిపించినా చుక్కే. తల్లి చేతిలో కొడుకు చొక్కా ఉంటుంది, నోట్లో మాత్రం ఆ నామమే. ఆ క్షణాన జనం అరవడం మానేస్తే అతనికి నొప్పి తెలుస్తుందని అక్కడివారి గట్టి నమ్మకం. అందుకే ఎవరూ ఆపరు.

ఇక మెట్లు. సగం దారిలో కావడి మోసేవాడి నడక తడబడుతుంది. తోడు వచ్చినవారిలో ఒకరు ముందుకొచ్చి దేవుడి పేరు ఎత్తుతారు. పక్కన దిగుతున్న ముక్కూముఖం తెలియనివారు కూడా నిలబడి 'అరోగరా' అని జవాబిస్తారు. ఆ జవాబుతో అతను ఇంకో పది మెట్లెక్కుతాడు. పైన గుహలో పాలు అభిషేకానికి ఇచ్చి, శూలాలు తీయించుకుని, గాట్ల మీద విభూతి అద్దించుకుంటాడు. ఇలా శరీరాన్ని గుచ్చుకోవడం భారతదేశంలో నిషేధించారని కొందరు రాస్తుంటారు. అది నిజం కాదు. తమిళనాడు మురుగన్ ఉత్సవాల్లో నేటికీ అలగు, అంటే శూలం, గుచ్చుకునేవారున్నారు.

2021లో కోవిడ్ వల్ల కావళ్లను, జనాన్ని అనుమతించలేదు. వెండి రథం ఒక్కటే గుహలకు వెళ్లి వచ్చింది. మామూలు సంవత్సరాల్లోనూ వింత వేషాల కావళ్ల మీద, సినిమా పాటల మీద ఆంక్షలు ఉంటున్నాయి. 1965లో ఏర్పడిన మలేసియా హిందూ సంఘం వంటి సంస్థలు ఈ విషయంలో హితవు చెబుతూ వస్తున్నాయి. పండుగ జాతరగా మిగిలిపోకూడదన్న వారి ఆందోళన న్యాయమైనదే. కౌలాలంపూర్‌లో తైపూసానికి ప్రభుత్వ సెలవు 2008 నుంచి మొదలైంది. సెలాంగోర్, పెనాంగ్ వంటి రాష్ట్రాల్లో అంతకుముందు నుంచే ఉంది.

మలేసియా తెలుగువారి నోట

మలేసియాలో తెలుగువారు తమిళుల మధ్య చిన్న గుంపు. దిగువ పెరాక్‌లోని బగాన్ దతో కొబ్బరి తోటల ప్రాంతం వారి పాత స్థావరాల్లో ముఖ్యమైనది. అక్కడి తోటల్లో వారు రామభజన మందిరాలు కట్టుకున్నారు, ఇళ్లలో శ్రీరామనవమి, ఉగాది జరుపుకున్నారు. 1955లో ఏర్పడ్డ మలయా ఆంధ్ర సంఘం తర్వాత మలేసియా తెలుగు సంఘంగా మారి భాషను నిలబెట్టే పని చేస్తోంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కౌలాలంపూర్‌లోనే. పేరు చివర నాయుడు ఉండటం, ఇంట్లో రాముడి పటం ఉండటం, దేవుణ్ణి తలచుకుంటే 'గోవిందా' అనడం అక్కడ తెలుగుతనానికి గుర్తులు.

అలాగని తైపూసానికి వారు దూరంగా ఉండలేదు. ఒకే తోటలో ఒకే వరసలోని ఇళ్లలో బతికినవారు ఒకరి మొక్కు ఇంకొకరు మోశారు. తమిళ బడిలో చదివి, తమిళ పెళ్లి సంబంధాలు కలుపుకున్న కుటుంబాల్లో పాలబిందె ఎత్తడం మామూలైంది. బటు గుహల ప్రాంగణంలోనే కొండ కింద వేంకటాచలపతి, అలమేలుమంగల గుడి ఉంది. కాస్త ఇవతల రామాయణ గుహ, దాని ముందు 15 మీటర్ల ఆంజనేయుడు. అక్కడి ఆంజనేయుడి గుడి ప్రతిష్ఠ 2001 నవంబరులో జరిగింది. కింద గోవింద నామం చెప్పుకుని, పైకి అరోహరా అంటూ ఎక్కే తెలుగు కుటుంబానికి ఆ రెండింటి మధ్య పోటీ కనిపించదు. సింగపూర్‌లో అయితే తైపూసం నడక మొదలయ్యేదే శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి. అక్కడి నుంచి ట్యాంక్ రోడ్డులోని దండాయుధపాణి గుడికి కావళ్లు నడుస్తాయి. విష్ణువు గుడిలో బయల్దేరి మురుగన్ గుడికి చేరే దారిలో పలికేది శివుడి పేరు. శైవ వైష్ణవ వాదాలకు తావివ్వని ఈ కలయిక వలస వెళ్లినవారు తమ బతుకు నుంచి సంపాదించుకున్నది. తోటల్లో విడివిడిగా గుళ్లు నడిపే స్తోమత వారికి లేదు. దాన్ని కొరతగా మిగలనివ్వకుండా, ఒకరి దేవుడికి ఇంకొకరు జవాబిచ్చే అలవాటుగా మార్చుకున్నారు.

తైపూసానికి కౌలాలంపూర్ వెళ్లే తెలుగువారికి ఒక మాట. నగరం నుంచి కమ్యూటర్ రైలు గుహల గుమ్మం దాకా వెళ్తుంది. కారు జోలికి పోకండి. ముందు రాత్రే చేరితే నది ఒడ్డున మొక్కులు మొదలయ్యే వేళ అందుతుంది. శూలం గుచ్చుకునే మనిషి ముఖం మీదికి ఫోను పెట్టకండి, వారి ఇంటివారిని అడిగాకే ఫొటో తీయండి. మెట్ల మీద బరువుతో ఎక్కేవారికి దారి వదలండి. ఎవరైనా 'మురుగనుక్కు' అని పిలిస్తే మీరూ జవాబివ్వండి. తమిళ యాసలో అరోగరా అనడం రాకపోతే మన చిత్తూరు వాళ్లలా హరోం హర అనండి, అక్కడ చెల్లుతుంది.